అనంతగిరి ఎక్కడికీ పోదు, ముందు అమీన్‌పూర్ చెరువు చూడండి

ప్రశ్న: మేం మియాపూర్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నేను స్కూల్లో టీచర్ని. బాబుకి పదేళ్లు, పాపకి ఆరు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి రెండేళ్లయింది, మోకాళ్ల నొప్పులు. శని ఆదివారాలు పిల్లలు టీవీ, ఫోన్ వదలడం లేదని మొన్న ఒక ఆదివారం అందరం కారులో అనంతగిరి వెళ్లాం. నేను నాలుగింటికి లేచి చపాతీలు, పులిహోర, పెరుగన్నం చేసి డబ్బాలు సర్దాను. బయల్దేరేసరికి తొమ్మిదిన్నర. దారిలో పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. పైకి వెళ్లాక కారు పెట్టడానికే అరగంట పట్టింది. అత్తమ్మ కారు దిగనే లేదు. పులిహోర కవరు కోతి లాక్కుపోయింది. బాబేమో 'ఇక్కడ ఏముంది, ఇంటికి పోదాం' అని ఒకటే గొడవ. వచ్చేటప్పుడు ట్రాఫిక్‌లో నేనూ మా ఆయనా మాటా మాటా అనుకున్నాం. ఇక ఎక్కడికీ రానని ఆయన అనేశారు. నాకు మాత్రం పిల్లల్ని ఆ నాలుగు గోడల మధ్య చూస్తుంటే మనసు ఒప్పడం లేదు. ఎక్కడికి వెళ్తే బాగుంటుంది? అసలు వెళ్లకపోతే ఏమవుతుంది? – ఒక పాఠకురాలు, మియాపూర్

సమాధానం: నాలుగింటికి లేచి చేసిన పులిహోర కోతి చేతిలోకి పోయిందని చదవగానే నా ప్రాణం ఉసూరుమంది. ఆ తర్వాత రోజంతా మీ మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను.

ముందు మీ రెండో ప్రశ్న. వెళ్లకపోతే ఏమీ కాదు. ఒక ఆదివారం వెళ్లకపోయినా, వరసగా మూడు వెళ్లకపోయినా పిల్లలకి వచ్చే నష్టం ఏమీ లేదు. వారం వారం ఎక్కడికో ఒకచోటికి తిప్పకపోతే మనం సరైన తల్లిదండ్రులం కాదేమోనన్న టెన్షన్ ఈ మధ్య చాలామంది ఇళ్లలో చూస్తున్నాను, అది మీరు నెత్తిన పెట్టుకోకండి. కానీ మీకు వెళ్లాలని ఉంది, అంత చేదు అనుభవం అయ్యాక కూడా ఉత్తరం రాసి అడిగేంతగా ఉంది. అది మంచి కోరిక. అందుకని ఎక్కడికి, ఎలా అన్నదాని గురించే వివరంగా రాస్తాను.

అనంతగిరిలో ఏ లోపమూ లేదు. హైదరాబాద్ నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. ఆరేళ్ల పిల్ల, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని అలిసిపోయిన మనిషి, రాత్రి సరిగ్గా నిద్ర లేని మీరు, అందరూ ఒకే కారులో తొమ్మిదిన్నరకి బయల్దేరితే అక్కడికి చేరేసరికి ఎండ నెత్తికెక్కుతుంది, ఊళ్లో సగంమంది అప్పటికే అక్కడ ఉంటారు. రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చాం కాబట్టి ఏదో ఒకటి బాగుండి తీరాలి అన్న పట్టుదల అందరికీ లోపల ఉంటుంది. అది ఏ కొండా తీర్చలేదు. మీ అబ్బాయి 'ఇక్కడ ఏముంది' అన్నాడంటే నాకు వాడి మీద కోపం రాలేదు, రెండు గంటలు కారులో కూర్చున్న పదేళ్ల పిల్లాడు ఇంకేం అంటాడు?

నేను చెప్పేది ఇది. ఇంటికి అరగంట దూరంలో ఒక చోటు ఎంచుకోండి. తెల్లారగానే వెళ్లండి, పదిన్నర, పదకొండు కల్లా ఇంట్లో ఉండండి. రెండు వారాలు ఆగి మళ్లీ అక్కడికే వెళ్లండి. తర్వాత మళ్లీ అక్కడికే. ఊళ్లో చూడాల్సినవన్నీ చుట్టేయాలన్న ఆలోచన ఈ ఏడాదికి పక్కన పెట్టేయండి.

'మళ్లీ అక్కడికేనా?' అని పిల్లలు అంటారని మీరు అనుకుంటారు. మొదటిసారి అంటారు కూడా. మా పాప కూడా అంది. తనకి అప్పుడు ఏడేళ్లు. మా ఇంటికి దగ్గర్లో ఉన్న చెరువు కట్ట మీదికి రెండో వారం బయల్దేరుతుంటే మొహం ముడుచుకుని కూర్చుంది. సరే అని వెళ్లాం. కట్ట పక్కన కరెంటు తీగ మీద లకుముకి పిట్ట ఒకటి కూర్చుని ఉంది, వీపంతా నీలం, తల గోధుమరంగు, రొమ్ము తెల్లగా, ముక్కు ఎర్రగా ఒంటికి మించిన పొడుగు. మేం చూస్తుండగానే రాయి పడ్డట్టు నీళ్లలోకి పడి పైకి లేచింది. ముక్కున అడ్డంగా చిన్న చేప. పక్కనున్న తుమ్మకొమ్మ మీద వాలి ఆ చేపని కొమ్మకేసి అటొకసారి ఇటొకసారి కొట్టింది, అది కదలడం మానేశాక మెల్లగా తిప్పుకుని, తల ముందు పోయేలా పట్టుకుని, గుటుక్కున మింగేసింది. మా పాప నా చెయ్యి వదిలేసి అలా నిలబడిపోయింది. ఇంటికి వచ్చేదాకా ఒకటే ప్రశ్న: తోక వైపు నుంచి ఎందుకు మింగలేదు? తోక వైపు నుంచి మింగితే మొప్పలూ రెక్కలూ గొంతులో అడ్డం పడతాయని తనకి చెప్పడానికి నేను ముందు తెలుసుకోవాల్సి వచ్చింది. తర్వాతి వారం తనే ముందు లేచింది. అదే తీగ మీద అదే పిట్ట ఉందో లేదో చూడాలి కదా.

కొత్త చోటికి వెళ్తే పిల్లలు చుట్టూ ఒకసారి చూసి, ఆడుకోవడానికి ఏమీ కనపడకపోతే వెంటనే విసుక్కుంటారు. తెలిసిన చోటికి వెళ్తే కిందటిసారి ఉన్నది ఇప్పుడు ఉందా, నీళ్లు ఎంతవరకు వచ్చాయి, ఆ గూట్లో పిల్లలు లేచాయా అని వాళ్లకి చూసుకోవాల్సిన పని ఉంటుంది. పెద్దవాళ్లకి కూడా హాయి. కారు ఎక్కడ పెట్టాలి, బాత్‌రూమ్ ఎక్కడ, నీడ ఎక్కడ, ఇవన్నీ మూడోసారికి వెతుక్కోనక్కర్లేదు. ఇంట్లో గొడవలు సగం వీటి దగ్గరే మొదలవుతాయి.

మీరు మియాపూర్‌లో ఉన్నారు కాబట్టి మీకు నేను మొదట చెప్పేది అమీన్‌పూర్ పెద్ద చెరువు. ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు ఇరవై నిమిషాల పని. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు అది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, మన దేశంలో ఒక నగరంలోని చెరువుకి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. అంత విశేషం మీ ఇంటి పక్కనే ఉంది, మీరు దాన్ని దాటుకుని రెండు గంటలు కారులో వెళ్లొచ్చారు! నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దూరదేశాల పక్షులు దిగుతాయి, లేత గులాబీ రంగు ఫ్లెమింగోలు కూడా అక్కడ వాలుతుంటాయి. అన్ని ఏళ్లూ, అన్ని రోజులూ ఒకేలా కనపడవు, అది పిల్లలకి ముందే చెప్పండి. ఫ్లెమింగోలు లేకపోయినా నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటూ ఉంటాయి, కొంగలుంటాయి, బాతులుంటాయి. నీటికాకి రెక్కలు ఎందుకు ఆరబెట్టుకుంటుందో మీ అబ్బాయిని అడిగి చూడండి. బాతు ఈకలకి ఉన్నట్టు దాని ఈకలు నీళ్లని పూర్తిగా ఆపవు, తడుస్తాయి, తడిస్తేనే లోతుకి మునగడం తేలిక. బయటికి వచ్చాక మరి ఆరబెట్టుకోవాలి.

వెళ్లాలనుకుంటే ఒక బైనాక్యులర్ కొనండి, ఖరీదైనది అక్కర్లేదు. ఒక్కటే కొనండి, ఇద్దరికీ ఒక్కటి. అయిదేసి నిమిషాలు వంతులు. రెండు కొంటే ఇద్దరూ మెళ్లో వేసుకుని పరిగెడతారు తప్ప చూడరు.

పార్కులో ఉన్నట్టు బెంచీలు, బాత్‌రూమ్‌లు, పిల్లల జారుడుబల్లలు చెరువు దగ్గర ఉండాలని ఆశపడి వెళ్లకండి. మన చెరువుల పరిస్థితి మీకు తెలిసిందే. ఒక పక్క పక్షులు, ఇంకో పక్క గుర్రపుడెక్క, మరో పక్క మురుగు కాలవ వచ్చి కలిసేచోట ముక్కు మూసుకోవాలి. దీన్ని పిల్లల దగ్గర దాచొద్దు. ఆ గుర్రపుడెక్క ఎందుకంత దట్టంగా పెరిగిందో, మురుగులో ఉండే ఎరువు దానికి ఎలా బలం ఇస్తుందో ఆ పదేళ్ల పిల్లాడికి చక్కగా అర్థమవుతుంది. టీచర్ కాబట్టి మీరు నాకంటే బాగా చెప్పగలరు.

ఇక అత్తమ్మ సంగతి. ఉత్తరంలో 'అత్తమ్మ కారు దిగనే లేదు' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. పల్లెలో పొద్దున లేస్తే వాకిలి, చెట్టు, పొలం మధ్య బతికిన మనిషి రెండేళ్లుగా అపార్ట్‌మెంట్‌లో ఉంది. మీ అందరికంటే ఎక్కువగా బయటికి రావాల్సింది ఆవిడే. కానీ కొండలూ మెట్లూ ఆవిడకి కాదు. కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్ ఉంది కదా, మీకు దగ్గరే. నడిచే దారులు చదునుగా ఉంటాయి, కూర్చోవడానికి చోటుంది, నీడ ఉంది. ఒక శనివారం పొద్దున అత్తమ్మనీ పాపనీ తీసుకుని అక్కడికి వెళ్లండి. తొందర పెట్టకండి. ఆవిడ ఒక చెట్టు దగ్గర ఆగి ఆకు తుంచి వాసన చూస్తే, 'ఇదేంటి నానమ్మా' అని పాప అడిగేలా చూడండి, అంతే. వావిలాకు బాలింతల స్నానానికి ఎలా కాచేవారో, రేల పూలు ఎప్పుడు పూస్తాయో, తంగేడు, గునుగు ఎక్కడెక్కడి నుంచి తెచ్చి బతుకమ్మ పేర్చేవాళ్లో ఆవిడకి తెలిసినంత మీకూ నాకూ తెలియదు. బతుకమ్మకి మనం ఇప్పుడు మార్కెట్లో గునుగు కట్ట కొంటున్నాం, మీ పాప బహుశా ఆ పువ్వు చెట్టున ఉండగా చూసి ఉండదు. సెప్టెంబరు చివర్లో ఊరి శివార్లలో ఏ ఖాళీ జాగా చూసినా తంగేడు పచ్చగా పూసి ఉంటుంది, ఆ రోజుల్లో నానమ్మతో కలిసి ఒక బుట్ట కోసుకొచ్చే పని పెట్టుకోండి. పార్కులో మాత్రం ఒక్క పువ్వు కూడా కోయొద్దు, అది పాపకి నానమ్మ చేతే చెప్పించండి.

కార్తీకంలో ఉసిరిచెట్టు కింద భోజనాలకి ఎలాగూ అందరం ఎక్కడో ఒకచోటికి వెళ్తాం. ఆ ఒక్క రోజు ఇంటిల్లిపాదీ వెళ్లండి, చుట్టాల్నీ పిలవండి. మిగతా రోజుల్లో అందరూ అన్నిచోట్లకీ రావాలని పట్టుపట్టొద్దు. ఇది మీకు గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. మీ ప్రయాణం చెడిపోవడానికి ఎండా, దూరం ఎంత కారణమో, ఐదుగురినీ ఒకే కారులో, ఒకే ఆసక్తిలో ఇరికించాలని చూడటం కూడా అంతే కారణం. పదేళ్ల అబ్బాయికి బండలు ఎక్కాలని ఉంటుంది, వాడిని వాళ్ల నాన్నతో ఖాజాగూడ గుట్టలకి పంపండి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉండే ఆ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎవరూ పేర్చలేదు, ఎండకీ వానకీ పగుళ్లు పడి, పగుళ్ల మధ్య మెత్తబడ్డదంతా కొట్టుకుపోయి, గట్టిగా ఉన్నది అలా మిగిలింది. సగం గుట్టలు పగలగొట్టి మనం అపార్ట్‌మెంట్లు కట్టేసుకున్నాం, ఉన్నవాటినైనా పిల్లలు చేత్తో ముట్టుకుని చూడాలి. మంచి బూట్లు వేసుకోవాలి, వాన పడ్డ రోజు మాత్రం ఎక్కకూడదు. తండ్రీకొడుకులు ఇద్దరే వెళ్లి వస్తే దారిలో వాళ్లు ఏం మాట్లాడుకున్నారో మీకు చెప్పకపోయినా ఫర్వాలేదు.

మీ ఆయన రానన్నారంటే ఆయన తప్పు వెతకకండి. వారమంతా పనిచేసిన మనిషికి ఆదివారం మధ్యాహ్నం నిద్ర కావాలి. పదకొండుకి ఇంటికి వచ్చేస్తే ఆ నిద్ర ఎక్కడికీ పోదు, భోంచేసి మూడు గంటలు పడుకోవచ్చు. 'రోజంతా పోతుంది' అన్న భయం లేకపోతే చాలామంది మగవాళ్లు కారు తాళం తీసుకుని ముందే నిలబడతారు. నెలకి రెండుసార్లు అని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, మిగతా రెండు ఆదివారాలు ఎవరినీ ఎక్కడికీ రమ్మనొద్దు.

మీరు కూడా నాలుగింటికి లేవొద్దు. ఇది సలహా కాదు, బతిమాలుతున్నాను. ఆరింటికి బయల్దేరి పదకొండుకి వచ్చే ప్రయాణానికి మూడు రకాల వంట ఎందుకు? రాత్రే నాలుగు గుడ్లు ఉడకబెట్టి పెట్టుకోండి, నాలుగు అరటిపళ్లు, జామకాయలు, సీతాఫలాల రోజులైతే అవే, మంచినీళ్ల సీసాలు. తిరిగొచ్చేటప్పుడు టిఫిన్ సెంటర్ దగ్గర ఆగి వేడి ఇడ్లీ తినండి. అంతగా పులిహోర ఉండాలనిపిస్తే రాత్రి కలిపి మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి, దాన్ని బ్యాగులో పెట్టి జిప్ వేయండి. కోతి చూసేది పులిహోరని కాదు, చేతిలో ఊగే కవరుని. కవరు చప్పుడు వినపడితే చాలు దానికి తిండి అని తెలిసిపోతుంది, మనుషులు అలా అలవాటు చేశారు. అందుకే దానికి ఏమీ వేయొద్దు. చెరువు దగ్గర బాతులకి బ్రెడ్డు ముక్కలు విసరడం కూడా అంతే, వాటికి అది మంచి తిండి కాదు, మిగిలింది నీళ్లలో కుళ్లుతుంది. తెచ్చుకున్న చెత్త ఒక సంచిలో మళ్లీ ఇంటికి.

ఫోన్ల గురించి కూడా అడిగినట్టే ఉంది మీ ఉత్తరం. పిల్లల ఫోన్ లాక్కుని పెద్దవాళ్లు ఆఫీసు మెసేజ్‌లు చూసుకుంటూ నడిస్తే ఏ పిల్లాడూ ఒప్పుకోడు. ఆ నాలుగు గంటలు ఒక్క ఫోనే బయట ఉంటుంది, ఫొటోల కోసం, అది వంతులవారీగా అందరి చేతిలోకీ వస్తుంది అని పెట్టుకోండి. మిగతావి బ్యాగులో.

జూ పార్కు సంగతి వేరే. పిల్లలు అడగక మానరు, తీసుకెళ్లండి, కానీ దాన్ని పొద్దుటి షికారు అనుకోవద్దు. 1963లో జనం కోసం తెరిచారు, 380 ఎకరాలు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో రోజంతా పెట్టుకుని వెళ్లే చోటు అది. సోమవారం సెలవు. గేటు తీసే వేళకే అక్కడ ఉండండి, ఎండెక్కాక సగం జంతువులు నీడన పడుకుంటాయి, మనం ఎంత పిలిచినా లేవవు, లేవాలని కేకలు పెట్టడం పాపం కూడా. అత్తమ్మ కోసం బ్యాటరీ బండి ఎక్కండి. వెళ్లేముందు ఇంట్లోనే ఒక్కొక్కరూ ఒక్కో జంతువు చొప్పున ఐదు ఎంచుకోండి, ఆ ఐదింటి దగ్గర కావలసినంతసేపు ఉండండి, మిగతావి కనపడితే చూడండి, లేకపోతే వచ్చే ఏడాది. పక్కనే ఉన్న మీర్ ఆలం చెరువు ఆనకట్టని మాత్రం వదలొద్దు. రెండు వందల ఏళ్ల కిందటి కట్టడం, నీళ్ల వైపు ఉబ్బి ఉన్న 21 కమానులు ఒకదాని పక్కన ఒకటి. నీళ్లు నెట్టే బలాన్ని ఆ వంపులు పక్కలకి మళ్లిస్తాయి, గుడ్డుని రెండు కొసలూ పట్టుకుని నొక్కితే పగలనట్టు. ఇంట్లో గుడ్డుతో చేసి చూపించి మరీ తీసుకెళ్లండి.

కారు లేకుండా ఒక రోజు వెళ్లాలనిపిస్తే మీకు మియాపూర్‌లో మెట్రో మొదలవుతుంది. ఈ చివర ఎక్కి ఆ చివర ఎల్బీనగర్‌లో దిగితే వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి దగ్గరే, ఆటోలో పోవచ్చు. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు. కృష్ణజింకల కోసమే కాపాడిన అడవి. మగ జింక వీపు నల్లగా, కడుపు తెల్లగా, కొమ్ములు మెలితిరిగి ఉంటాయి, ఆడది లేత గోధుమరంగులో ఉంటుంది. పాపకి వాంతుల బాధ మెట్రోలో సాధారణంగా ఉండదు, కిటికీలోంచి ఊరంతా కనపడుతుంది, పిల్లలకి అది కూడా షికారే. బస్సుల్లో అయితే ఆడవాళ్లకి జీరో టికెట్ ఉంది, మీరూ అత్తమ్మా పాపా ఆధార్ కార్డులు పెట్టుకుంటే చాలు. హఫీజ్‌పేటలో ఎంఎంటీఎస్ ఎక్కితే నెక్లెస్ రోడ్ స్టేషన్లో దిగి హుస్సేన్‌సాగర్ ఒడ్డుకి నడవొచ్చు, కాకపోతే రైళ్లు తక్కువ, టైము చూసుకుని బయల్దేరండి.

డబ్బు ఎక్కువ పెడితే ప్రయాణం బాగుంటుందన్న మాట నమ్మకండి. కొన్నేళ్ల క్రితం మేం ఊరి చివర ఒక రిసార్ట్‌కి ముందే డబ్బు కట్టి వెళ్లాం. బోటు షికారు ఉందని రాశారు. వెళ్లి చూస్తే బోటు ఒడ్డున బోర్లించి ఉంది, దాని కింద కుక్క పిల్లల్ని పెట్టింది. మా పిల్లలకి ఆ రోజు మిగిలింది ఆ కుక్కపిల్లలే. దానికోసం అంత ఖర్చు అక్కర్లేదు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు మళ్లీ అనంతగిరి దగ్గరికి వస్తాను. అక్కడ మీకు ఎవరైనా చెప్పారో లేదో, మన మూసీ పుట్టింది ఆ కొండల్లోనే. మీ పిల్లలు నది పుట్టినచోటు చూసి వచ్చారు, నదిని మాత్రం చూడలేదు. అందుకని ఈ ఏడాదికి మీకు ఇంకో పని చెప్తాను, తొందర లేదు, ఎప్పుడు కుదిరితే అప్పుడు. ఒక పొద్దున గండిపేట వెళ్లండి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఈ ఊరిని ముంచేసింది, వేలమంది పోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించి అడిగితే, నీళ్లని ఊరికి ఎగువనే ఆపండి అన్నారు. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు అదే), 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలి పోలేరని పాత మనుషులు అనేవాళ్లు. అత్తమ్మకి కూడా వినిపించండి ఆ మాట. కట్ట మీద నిలబడి పిల్లలకి ఈ కథ చెప్తే అంత పొడుగు గోడ ఎందుకు కట్టారో వాళ్లకి అడగకుండానే తెలుస్తుంది. దారిలో మక్కకంకులు కాల్చి నిమ్మకాయ, ఉప్పూకారం రాసి ఇస్తారు, తినకుండా రాకండి.

ఇంకోసారి లంగర్‌హౌస్ దగ్గర బాపూఘాట్ వెళ్లండి, మూసీ, ఈసీ కలిసేది అక్కడే. 1948లో గాంధీ అస్థికలు కలిపిన చోటు. అక్కడి నీళ్ల రంగు చూసి పిల్లలు మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనివ్వండి, గండిపేటలో చూసిన నీళ్లే ఇవి అని మాత్రం చెప్పండి.

ఎక్కడికి వెళ్లినా నీళ్లలోకి దిగొద్దు. చీలమండ దాకా కూడా వద్దు. కట్ట రాళ్లకి పాచి పట్టి ఉంటుంది, పాత క్వారీ గుంతల్లో వాననీళ్లు నిలిచి పైకి చదునుగా కనపడతాయి కానీ అంచు దాటగానే రెండు నిలువుల లోతు. ఈత వచ్చిన కుర్రాళ్లే పోతున్నారు ఏటా. పాప చెయ్యి ఎవరు పట్టుకోవాలో కారు దిగకముందే అనుకోండి, 'నువ్వు చూస్తున్నావనుకున్నా' అనే మాట నీళ్ల దగ్గర ఎప్పుడూ రాకూడదు. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఎనిమిదింటికల్లా తిరుగుముఖం పట్టండి, లేదా ఆ రెండు నెలలు మానేయండి, నేనైతే మానేస్తాను.

ఇదంతా ఒక ఏడాది అయ్యాక, వచ్చే జూలైలో నాలుగు వానలు పడి కొండలు పచ్చబడ్డాక, మళ్లీ అనంతగిరి వెళ్లండి. కారులో కాదు, లింగంపల్లిలో పొద్దుటి రైలు ఎక్కి వికారాబాద్‌లో దిగండి, అక్కడి నుంచి ఆటోలో ఆరేడు కిలోమీటర్లు. పాపకి కిటికీ పక్కన సీటివ్వండి. ఆదివారం వద్దు, మీ స్కూలుకి ఏదో ఒక రోజు సెలవుంటుంది కదా, ఆ రోజు ఆయన్ని లీవు పెట్టమనండి. అత్తమ్మ అక్కడి గుడి మండపంలో కూర్చుంటుంది, ఒకరు ఆవిడ దగ్గర ఉండండి. మీ అబ్బాయి మాత్రం ఈసారి మూసీ మొదలయ్యే ఆ చిన్న నీటి పాయ ఎక్కడుందో తనే వెతుకుతాడు. పులిహోర స్టీలు డబ్బాలో.